గడపకు ఇవతల

ఫిబ్రవరిలో ఇసాఫ్యోర్దుర్‌కి సూర్యుడు
కొండ మీంచి తొంగిచూసి పోతాడు,
పలకరిస్తాడే గాని కూర్చోడు.
రేవులో చేపల వేలం హాలు,
దాని వెనక మంచుగడ్డలు దంచే యంత్రం,
ఆ పక్కగది నాది.
పందొమ్మిదేళ్ళుగా అక్కడ నేను రాసిన డేటాబేస్
ఏ పెట్టెలో ఎన్ని కిలోల కాడ్ ఉందో,
దాన్ని ఎవరు ఎంతకు పాడారో
మరిచిపోకుండా ఉండటమే పనిగా బతుకుతోంది.

రెయ్క్యావిక్ నుంచి ఓర్మర్ వచ్చాడు,
చలికోటు లోపల ఇంకో చలికోటుతో.
రెండు రోజులు నా కోడ్ చదివి,
"స్టైన్వోర్, నీ ప్రోగ్రాం
ప్రతి చిన్న పనికీ గడప దగ్గర నిలబడి అడుక్కుంటోంది" అన్నాడు.

నిజమే.
యూజర్ స్పేస్‌లో కాపురమంటే అంతే మరి.
డిస్క్ కళ్ళెదుటే ఉన్నా చేతికందదు.
ఒక్క అంకె రాయాలన్నా తలుపు తట్టాలి,
చీటీ అందించాలి,
లోపల కెర్నల్ దాన్ని తిప్పి తిప్పి చూసి
సరేననేదాకా చేతులు కట్టుకు నిలబడాలి.
వాళ్ళు పోసింది మన గిన్నెలోకి మళ్ళీ ఒంపుకోవాలి.

"మనమే లోపలికి వెళ్ళిపోతే?"
ఒక్కో పాటకు నాలుగు మైక్రోసెకన్లు మిగులుతాయని
కాగితం మీద కాదు, నా అద్దం మీది ఆవిరిలో
వేలితో లెక్క రాశాడు.
నేను వద్దనలేదు.
ఈ మాట ఇక్కడ చెప్పి తీరాలి. వద్దనలేదు.
వేగం ఎవరికి చేదు?

మూడు వారాలు
గ్రాఫులో గీత పడుకున్న సముద్రంలా ఉంది.
అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు,
యంత్రం మెమరీ మొత్తం మా ఇంటి పెరడే.

నాలుగో మంగళవారం, ఉదయం ఆరున్నర.
పడవలు పదకొండు, పెట్టెలు తొమ్మిది వందలు.
ఎప్పుడో ఖాళీ చేసిన చోటు వైపు
ఒక పాయింటర్ వేలు చూపించింది.
అంతే.
తెరలు ఆగాయి, తూకాలు ఆగాయి,
మంచు యంత్రం ఆగింది, తలుపుల తాళాలు ఆగాయి.
ఇంతకాలం మంచు దంచుడు చాటున దాగిన నిశ్శబ్దం
హాల్లోకి నడిచొచ్చింది.

అప్పుడు థోర్గ్రిమర్ పెట్టె మీదికెక్కాడు.
నా డేటాబేస్ రాకముందు వేలం అతని గొంతు.
ఆ తర్వాత పెట్టెలు తూచే మనిషి.
సుద్దముక్క అడిగి తీసుకుని, దగ్గి,
మొదటి ధర పిలిచాడు.
కొనేవాళ్ళకు ముందు నవ్వొచ్చింది,
తర్వాత చేతులు లేచాయి.
నలభై నిమిషాలు
ఆ పాత గొంతు మీదే ఊరి చేపంతా అమ్ముడైంది.

రాత్రి తప్పు దొరికింది.
ఓర్మర్‌ది కాదు, నాది.
పందొమ్మిదేళ్ళ కిందటి నా లైను.
బయట ఉన్నన్నాళ్ళూ అదే తప్పుకు
ఏడాదికి రెండుసార్లు నా ప్రోగ్రాం చచ్చేదట.
కెర్నల్ చప్పుడు చేయకుండా శవాన్ని తీసి,
నేల తుడిచి, మళ్ళీ పుట్టించేది, మూడే సెకన్లలో.
నేను నా పనితనమనుకున్నాను.
అది గోడ పుణ్యం.

నాలుగు మైక్రోసెకన్లను
రోజుకు ఇరవై వేల పాటలతో హెచ్చవేసి చూశాను.
ఏడాదంతా కూడినా అరనిమిషం రాలేదు.
ఓర్మర్ ఆ అంకెను చాలాసేపు చూసి
తన రెండో కోటు విప్పాడు.

తప్పు దిద్దాం. అయినా మళ్ళీ బయటికే వచ్చేశాం.
దిద్దింది ఒక్కటే కదా,
నా చేత్తో రాసినవి లక్ష లైన్లు.
తలుపు తట్టడం ఇప్పుడు నాకు చిన్నతనం కాదు,
లోపల ఎవరో మెలకువగా ఉన్నారని గుర్తు.

తెల్లారి థోర్గ్రిమర్ నా గది గుమ్మంలోకి వచ్చి
"మళ్ళీ ఆగుతుందా?" అని అడిగాడు,
భయపడే మనిషి అడిగినట్టు కాదు.
ఆగదన్నాను.
తలూపి వెళ్ళి, చెక్క మీది సుద్దరాతలు తుడిచాడు.
ఆఖరి ధర ఒక్కటీ
తుడవకుండా వదిలేశాడు.